తోడేలు మీద వేసిన నింద

బక్రీద్ ఇంకా నెల రోజులు ఉందనగా, పెరటిలో కట్టివేసిన మేకపోతు తెల్లవారేసరికి మెడ వాల్చి పడి ఉంటుంది. ఫజ్ర్ నమాజుకు లేచిన ఇంటి పెద్ద దీపం వేసి చూస్తాడు. పిల్లలు పేరు పెట్టుకుని, బడి నుండి వచ్చి చేతితో ఆకు మేపి పెంచిన జీవం అది. సంవత్సరమంతా కూడబెట్టిన డబ్బు అందులో ఉంది. చంపినదెవరన్న ప్రశ్న పూర్తిగా పలకక ముందే గోడ అవతలి నుండి జవాబు వస్తుంది: "తోడేలు." పొద్దెక్కేసరికి ఆ మాట వీధి దాటుతుంది. మధ్యాహ్నానికి ఎవరి ఫోన్‌లోనో మసకగా ఒక జంతువు చిత్రం తిరుగుతుంది. సాయంత్రానికి కర్రలు పట్టుకున్న యువకులు తోటల వెంట బయలుదేరుతారు. వారికి ఎదురయ్యేది చాలా సార్లు, ఆ రాత్రి ఆ పెరటి దరిదాపులకైనా రాని ఒక నక్క.

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో మేకలు పెంచే ఇళ్ళకు ఇలాంటి ఉదయాలు తెలియనివి కావు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోనిదై, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైన ఈ పట్టణం తెలంగాణ సరిహద్దు మీద ఉంది. విజయవాడ నుండి జగదల్‌పూర్ పోయే 30వ నెంబరు జాతీయ రహదారి దీని గుండా సాగుతుంది. చుట్టూ మామిడి తోటలు, మొక్కజొన్న, పత్తి చేలు. ఉత్తరాన ఖమ్మం జిల్లా, దాని వెనుక కనకగిరి అడవి గుట్టలు. చేనూ చెట్టూ ఊరూ ఇలా అల్లుకుపోయిన చోట నాలుగు కాళ్ళ రాత్రి సంచారులు ఉండక తప్పదు. ఏది ఏదో గుర్తుపట్టడం వేటగాడికో అటవీ అధికారికో మాత్రమే సంబంధించిన విద్య అని మనం అనుకుంటాము. అది ఒక సాక్ష్యానికి సంబంధించిన విషయం కూడా.

తోడేలు మీద మోపిన తొలి అబద్ధపు నింద ఏదని అడిగితే ముస్లిం ఇంటిలోని పిల్లవాడు కూడా చెప్పగలడు. దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరా అంతా ఆ నింద చుట్టూనే మొదలవుతుంది. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన చిన్న కుమారుణ్ణి అన్నలతో పంపడానికి జంకుతూ, మీరు ఏమరుపాటుగా ఉన్నప్పుడు తోడేలు అతణ్ణి తినివేస్తుందేమోనని భయపడ్డారు. అన్నలు ఆ భయాన్నే పట్టుకుని కథ అల్లారు. బాలుణ్ణి బావిలో వదిలి, చొక్కాకు రక్తం పూసి, రాత్రి వేళ ఏడుస్తూ వచ్చి, తోడేలు తినివేసిందన్నారు. తండ్రి నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో వివరిస్తూ ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలు ఒక సూక్ష్మమైన విషయాన్ని చెబుతూ వచ్చారు: చొక్కాకు రక్తం ఉంది, కానీ చిరుగు లేదు. పిల్లవాణ్ణి తిన్న తోడేలు చొక్కాను మాత్రం జాగ్రత్తగా విప్పి పెట్టిందా? ఆ తండ్రికి తోడేలు కొత్త కాదు. పశువులు కాచే కుటుంబం వారిది. అది ఎలా పట్టుకుంటుందో, ఎలా చీలుస్తుందో తెలిసిన కన్ను గనుక నిర్దోషిని గుర్తించగలిగింది. అదే సూరాలో కొంత ముందుకు పోతే, మరో చొక్కా వెనుక నుండి చిరిగి ఉండడం యూసుఫ్ (అలైహిస్సలాం) నిర్దోషిత్వానికి సాక్ష్యమవుతుంది. చిరుగు ఉన్నదా, లేదా, ఏ వైపున ఉన్నది అని చూడడం అక్కడ ఒక ధర్మం.

ఆ ప్రాంతపు తోడేలుకు మన దక్కను తోడేలు బంధువు. రెండూ ఐరోపా మంచు అడవుల తోడేళ్ళవలె భారీ జంతువులు కావు. ఎండిన మెట్టలలో తిరిగే సన్నని, పొడవు కాళ్ళ జీవాలు. కాబట్టి యాఖూబ్ ప్రవక్త చూపిన జాగ్రత్తను మన పెరటికి తెచ్చుకోవడానికి దూరమేమీ లేదు.

మొదట పేర్ల చిక్కు విప్పుకోవాలి. మన ఇళ్ళలో ఇది రెండింతలు. ఇంటిలో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. పిల్లవాడు లోమ్డీ అంటాడు. ఉపాధ్యాయుడు నక్క అంటాడు. బొమ్మలో ఉన్నది ఎర్రని ఒంటితో, తెల్లని తోక కొసతో ఐరోపా జంతువు. ఆ మూడూ ఒకటి కావు. ఉర్దూలో గీదడ్ అన్నది మన నక్క. లోమ్డీ అన్నది గుంటనక్క. భేడియా తోడేలు. లకడ్‌బగ్గా దుమ్ములగొండి. అడవిలో గుంపుగా తిరిగే ఎర్ర కుక్కను తెలుగువారు రేచుకుక్క అంటారు. తెలుగులో నక్క అన్న ఒక్క మాట రెండు జంతువులను మోస్తున్నది గనుక ఇంగ్లీషు పాఠం అనువదించిన ప్రతిసారీ గందరగోళం పెరుగుతూ వచ్చింది. పంచతంత్రంలోని కరటక దమనకులు నక్కలే; ఆ కథలను ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబీలోకి తెచ్చినప్పుడు వారే కలీలా, దిమ్నా అయ్యారు, అక్కడా నక్కలుగానే ఉన్నారు. నేటి రంగుల పిల్లల పుస్తకాలలో మాత్రం ఆ ఇద్దరికీ తరచు తెల్ల తోక కొస వచ్చి చేరుతున్నది. మన నేల మీద తిరిగే గుంటనక్క తోక కొస నలుపు. ఇంటిలో ఆ పుస్తకం ఉంటే పిల్లలకు ఈ తేడా చూపించండి. వారు ఇక మరచిపోరు.

తిరువూరు వైపు మనిషి కంట ఎక్కువగా పడేది నక్క. ఎనిమిది నుండి పదకొండు కిలోల బరువు, మూపు దగ్గర సుమారు మూర ఎత్తు. కోసుగా ఉన్న మూతి, గోధుమ బంగారు వన్నె ఒళ్ళు, వీపు మీద నలుపు తెలుపు వెంట్రుకలు కలిసి జీను వేసినట్టు కనిపించే మచ్చ, కొస నల్లబడిన పొట్టి కుచ్చు తోక. ఇది నేలను తాకీ తాకనట్టు చిన్న పరుగుతో పోతుంది. ఆగి, తల తిప్పి, మనలను ఒకసారి చూసి మళ్ళీ పోతుంది. దాని ఆహారం చూస్తే మాంసాహారి అనడానికే సందేహం కలుగుతుంది. ఎలుకలు, పీతలు, పురుగులు, చచ్చిన పశువుల మాంసం, కోళ్ళతో పాటు రేగుపళ్ళు, పుచ్చకాయలు, చెరకు, మొక్కజొన్న, వేసవిలో చెట్టు కింద రాలిన మామిడిపళ్ళు కూడా తింటుంది. తోటలో దాని పెంటలో మామిడి తొక్కలూ రేగు గింజలూ కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. చేలలో ఎలుకలను తినే జీవి రైతుకు చేసే ఉపకారాన్ని ఎవరూ లెక్క కట్టరు. పోయిన కోడిపిల్లను మాత్రం అందరూ లెక్కిస్తారు.

నక్కను వినడం చూడడం కన్నా సులభం. మగ్రిబ్ దాటిన వేళ ఒకటి అందుకుంటుంది, తక్కినవి దానితో గొంతు కలుపుతాయి. సన్నగా లేచి, పొడవుగా సాగి, చివరకు ముక్కలు ముక్కలుగా విరిగే అరుపు. మళ్ళీ తెల్లవారుజామున వినిపిస్తుంది. రమజాన్‌లో సహరీకి లేచే ఇళ్ళకు ఇది పరిచయమైన ధ్వని. నాలుగు నక్కలు కలిసి కూస్తే పది ఉన్నట్టు వినిపిస్తుంది గనుక, ఆ కూత విని "తోడేళ్ళ మంద దిగింది" అనడం పరిపాటి. తోడేలు ఊళ వేరు: లోతైన గొంతుతో, ఒకే స్వరం మీద చాలాసేపు నిలుస్తుంది, నక్క అరుపువలె గిలగిలలాడదు.

గుంటనక్కను నక్క పిల్ల అనుకోవడం మరో పొరపాటు. ఇది పిల్లి కన్నా కాస్త పెద్దది, రెండు నుండి నాలుగు కిలోలు మాత్రమే. ముఖానికి మించిన పెద్ద చెవులు, సన్నని కాళ్ళు, శరీరంలో సగానికి పైగా పొడవున్న కుచ్చు తోక, దాని కొసకు నలుపు. పరుగెత్తేటప్పుడు ఆ తోకను వెనుకకు సమంగా చాచి ఉంచుతుంది. దిశ మార్చేటప్పుడు పైకెత్తుతుంది. దగ్గరగా చూడగలిగితే మరో గుర్తు ఉంది: తోడేలు, నక్క, కుక్కల కంటిపాపలు గుండ్రం, గుంటనక్కకు పిల్లివలె నిలువు చీలిక. ఇది పొదలు తక్కువగా ఉన్న మెట్ట నేలల్లో బొరియలు తవ్వుకుని, పురుగులు, చెదలు, ఎలుకలు, తొండలు, రేగుపళ్ళతో బతుకుతుంది. "గుంటనక్క" అని మనుషులను తిట్టుకునే మనం దాని నిజస్వరూపం చూస్తే సిగ్గుపడవలసి వస్తుంది. అది మేకను చంపలేదు. చంపిందని ఎవరైనా చెబితే, ఆ మాట చిరగని చొక్కా వంటిదే.

తోడేలు విషయానికి వస్తే అసలు చిక్కు నక్కతో కాదు, కుక్కతో. మన తోడేలు పదిహేడు నుండి ఇరవై అయిదు కిలోలు. ఊరి కుక్క కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు, కానీ కాళ్ళు పొడవు, రొమ్ము ఇరుకు. ఎదురుగా చూస్తే ముందరి కాళ్ళు రెండూ దగ్గరగా ఉంటాయి. కుక్క రొమ్ము విశాలమై మోచేతులు ఎడంగా ఉంటాయి. తోడేలు చెవి ఎన్నడూ వాలదు, తోక ఎన్నడూ వంకర తిరగదు. కాళ్ళ మధ్యకు లేదా కిందికి వేలాడుతూ ఉంటుంది. ఊరికుక్కల తోక సాధారణంగా పైకి ముడుచుకుంటుంది. కళ్ళు తేనె పసుపు. నడిచేటప్పుడు తలను వీపు కన్నా ఎత్తకుండా, భూమిని కొలుస్తున్నట్టు సమమైన అడుగు వేస్తుంది.

ఈ అడుగు నేల మీద కూడా కనిపిస్తుంది. తోడేలు వెనుక పాదాన్ని ముందు పాదం వేసిన గుర్తులోనే వేస్తూ సరళరేఖలో పోతుంది, ఎక్కడికి వెళ్ళాలో తెలిసిన ప్రయాణికునివలె. కుక్క జాడ అటూ ఇటూ వాసన చూస్తూ, వెనక్కి తిరుగుతూ, చెట్టు దగ్గర ఆగుతూ వంకరలు పోతుంది. తోడేలు పాదముద్ర కుక్కదాని కన్నా పొడుగ్గా ఉండి, మధ్య వేళ్ళు రెండూ ముందుకు సాగి ఉంటాయి. నక్క అడుగు చిన్నది. దాని ముందు పాదంలో నడిమి రెండు వేళ్ళ మెత్తలు మొదట్లో కలిసి ఉంటాయి, తడి నేల మీద ఇది స్పష్టంగా పడుతుంది. గోళ్ళ గుర్తులు అన్నిటికీ ఉంటాయి. అవి లేకుండా గుండ్రని అడుగు ఉంటే వచ్చినది పిల్లి జాతి. అప్పుడు చిరుతను గురించి ఆలోచించాలి.

ఒక్క అడుగు చూసి తీర్పు చెప్పరాదని అనుభవమున్న కాపరులు అంటారు, అది సరైన మాట. ఈ మధ్య చిక్కు మరింత పెరిగింది కూడా. ఊరికుక్కల సంఖ్య పెరిగిన చోట తోడేళ్ళు వాటితో జతకడుతున్నాయి. పూణే సమీపంలోని గడ్డి మైదానంలో కనిపించిన వింత వన్నె జంతువు తోడేలు, కుక్క సంకరమేనని జన్యు పరీక్షలో తేలింది. ఆ అధ్యయనం 2023లో వెలువడింది. రెండింటినీ వేరుచేసే గీత మన కళ్ళ ముందే చెరిగిపోతున్నది. దేశంలో తోడేళ్ళు సుమారు మూడు వేలని అంచనా. ఇది పులుల సంఖ్య కన్నా తక్కువ.

మన రాష్ట్రంలో తోడేలు ముఖ్యంగా రాయలసీమ మెట్టల జంతువు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్ళపాడు అభయారణ్యపు పచ్చిక బయళ్ళలో తోడేలు, నక్క, గుంటనక్క మూడూ తిరుగుతాయి. వాటిని పక్కపక్కన పోల్చి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు మనకు లేదు. గొర్రెల మందలు ఎటు కదిలితే తోడేలు చూపు అటు. తిరువూరు వంటి తోటల సీమలో ఏ మేక చచ్చినా మొదట దాని పేరు చెప్పడం భయం చెప్పే మాట, కన్ను చెప్పే మాట కాదు.

రేచుకుక్క, దుమ్ములగొండి గురించి ఇక్కడ క్లుప్తంగా చాలు. రేచుకుక్క ఇటుక రంగు ఒళ్ళు, నల్లని గుబురు తోక, గుండ్రని చెవులతో నల్లమల, పాపికొండల వంటి పెద్ద అడవుల్లో గుంపుగా, పగటిపూట వేటాడుతుంది. మొరగడానికి బదులు ఈల వేస్తుంది. కుక్క జాతులకు సాధారణంగా ఉండే నలభై రెండు పళ్ళకు బదులు దీనికి నలభై. దుమ్ములగొండి అసలు కుక్క జాతే కాదు, వంశంలో పిల్లికీ ముంగిసకూ దగ్గర. ముందు భాగం ఎత్తుగా వెనుక భాగం కుంగి, ఒంటి మీద చారలు, వీపున జూలు ఉంటాయి. దుమ్ము అంటే ఎముక. ఎముకలు నమిలే ఆ జీవి పెంట ఎండితే సున్నంవలె తెల్లబడుతుంది. మన పూర్వులు పెట్టిన పేరులోనే దాని వృత్తి ఉంది. గజ్జి పట్టి వెంట్రుకలు రాలిన కుక్కనో నక్కనో చూసి "వింత మృగం" అనో దుమ్ములగొండి అనో వార్తలు పుట్టడం మాత్రం తరచుగా జరుగుతుంది.

జంతువులను వేరువేరుగా గుర్తించాలన్న పట్టింపు ఆధునిక శాస్త్రం తెచ్చినదని ఎవరైనా అనుకుంటే, మదీనా ధర్మవేత్తల వైపు చూడాలి. ఇహ్రామ్‌లో ఉన్న హాజీ వేటాడరాదు. అయితే హాని చేసే అయిదు ప్రాణులను ఆ స్థితిలోనూ చంపవచ్చని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) అనుమతించారు. వాటిలో కరిచే కుక్క ఒకటి. ఆ మాట పరిధిలోకి ఏవేవి వస్తాయి? హిజ్రీ 179లో మరణించిన ఇమామ్ మాలిక్ (రహిమహుల్లాహ్) తన మువత్తా గ్రంథంలో దీనిని వివరించారు. మనుషుల మీదికి వచ్చి గాయపరిచే సింహం, చిరుత, తోడేలు వంటివి ఆ మాటలోకి వస్తాయి. దాడి చేయని దుమ్ములగొండి, గుంటనక్క, పిల్లి వంటివి రావు. వాటిని చంపిన హాజీ పరిహారం చెల్లించాలి. ఒక్కసారి ఆలోచించండి. అప్పటి మనిషికి చీకట్లో కదిలిన నీడ తోడేలా, గుంటనక్కా అన్నది ధర్మసమ్మతానికీ దోషానికీ మధ్య గీత. పొరపాటుపడితే ఒక గొర్రెనో మేకనో ఇచ్చుకోవాలి. "అన్నీ ఒకే జాతి, కొట్టెయ్" అన్న మాటకు ఆ ధర్మశాస్త్రంలో చోటు లేదు.

పండితులూ పొరపడతారు, కాకపోతే సరిదిద్దుకుంటారు. ఈజిప్టులో ఒక జంతువును శాస్త్రజ్ఞులు చాలా కాలం మన నక్క జాతిగానే లెక్కించారు. అక్కడి పల్లెవాసులు మాత్రం దాన్ని దీబ్, అంటే తోడేలు అనేవారు. యూసుఫ్ సూరాలో ఉన్నది ఆ మాటే. 2011లోనూ, 2015లోనూ వెలువడిన జన్యు అధ్యయనాలు ఆ జంతువు నక్క కాదని, తోడేలు వైపు వంశానిదని తేల్చాయి. గొర్రెలు కాచుకునేవారి నోటి మాటకు ప్రయోగశాల చివరకు తల ఊపింది.

ఇక పెరటిలో పడి ఉన్న మేక దగ్గరకు తిరిగి వద్దాము. కళేబరం కూడా చదవగలిగిన చొక్కాయే. తోడేలు సాధారణంగా ఒక జీవాన్ని ఎంచుకుని, గొంతునో తొడనో బలంగా పట్టి, కడుపు వైపు నుండి తిని, వీలైతే లాక్కుపోతుంది. దాని రాకకు ఆకలి కారణం. నక్క పెద్ద మేకను పడగొట్టడం అరుదు. అప్పుడే పుట్టిన పిల్లలను, జబ్బుపడినవాటిని, చచ్చినవాటిని చూసుకుంటుంది. చెవులు చీలి, తొడలు, పక్కలు, మూతి అంతటా గాట్లతో ఒకటి కాదు, నాలుగైదు జీవాలు దొడ్డిలో చచ్చీ చావక పడి ఉండి, తిన్నది మాత్రం కొంచెమే అయితే, వచ్చినవి చాలా వరకు ఊరికుక్కలే. అవి ఆకలితో కాక గుంపు ఉత్సాహంతో చంపుతాయి. పగలు మన గుమ్మంలో తోక ఊపిన కుక్కే రాత్రి ఆ గుంపులో ఉండవచ్చు. ఈ మాట ఎవరికీ రుచించదు. అడవి మృగం చేసిందంటే ఇరుగుపొరుగు తగవు లేదు; ఫలానా వారి కుక్క చేసిందంటే ఉంది.

పశువైద్యుడు మరో గుర్తు చూస్తాడు. కరిచిన చోట తోలు విప్పితే కింద రక్తం గడ్డకట్టి కమిలి ఉంటే, కాటు పడినప్పుడు జీవం బతికి ఉందని అర్థం. కమిలిన గుర్తు లేకుండా శుభ్రంగా చీలి ఉంటే, మేక వేరే కారణంతో చచ్చిన తరువాత ఏదో వచ్చి తిన్నదన్నమాట. పాము కాటుతోనో కడుపు ఉబ్బరంతోనో రాత్రి చచ్చిన మేకను తెల్లవారుజామున నక్క కొరికితే, దాన్ని చూసినవారంతా నక్కను హంతకి అంటారు. అది వచ్చింది అంత్యక్రియలకు మాత్రమే.

ఇక్కడే మనస్సాక్షి పరీక్ష వస్తుంది. వన్యమృగం చంపిన పశువుకు ప్రభుత్వ పరిహారం ఉంటుంది. అందుకు అటవీ సిబ్బంది వచ్చి చూడాలి, పశువైద్యుని పరీక్ష కావాలి. ఊరికుక్క చంపితే ఆ దారి మూసుకుపోతుంది. పేదవాని ఇంట మేక పోయినప్పుడు "తోడేలు అని రాయించు" అనే సలహాదారులు ఉంటారు. సానుభూతితోనే అంటారు. కానీ అది, చొక్కాకు పూసిన రక్తం వంటిదే. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోరపాపాల వరుసలో చేర్చారు. నిందితుడు నాలుగు కాళ్ళవాడైతే మినహాయింపు ఉందని ఎవరూ చెప్పలేదు. పైగా ఆ అబద్ధం మేకలను కూడా కాపాడదు. అసలు చంపిన గుంపు వీధిలోనే ఉంటుంది, పది రోజులకు మళ్ళీ వస్తుంది. శిక్ష పడింది తోటలోని నక్కకు.

ఆ శిక్ష ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. మిగిలిన కళేబరానికి పురుగుమందు పూసి తోట గట్టున పెట్టడం కొందరి పద్ధతి. దాన్ని తిన్నది నక్క ఒక్కటే కాదు, గద్దలు, కాకులు, ఆ ఇంటి కుక్క, ఒక్కోసారి ఆ నక్కను తిన్న మరో జీవి. తోడేలు, నక్క, గుంటనక్క, రేచుకుక్క, దుమ్ములగొండి అన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది; వాటిని చంపడం నేరం. ఒకనాడు తోడేలు తలకూ రేచుకుక్క తలకూ బ్రిటిష్ ప్రభుత్వం వెల కట్టి బహుమతి ఇచ్చేది. ఆ కాలం పోయింది, అలవాటు పోలేదు.

మరో వ్యాపారం గురించి మన పత్రికలో చెప్పకపోతే తప్పవుతుంది. నక్కకొమ్ము అని ఒక వస్తువును తాయెత్తులో పెట్టి అదృష్టం తెస్తుందని అమ్ముతారు. కొన్న ఇళ్ళలో ముస్లిం ఇళ్ళూ ఉన్నాయి. నక్కకు కొమ్ము ఉండదు. చూపేది తోలు, వెంట్రుకలు, ఎముక కలిపి తయారుచేసినది. దాని కోసం నిజంగానే నక్కలను చంపుతారు. శుభాశుభాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని విశ్వసించేవాడు చచ్చిన జంతువు తోలుముక్కకు వాటిని అప్పగించడం ఏ విధంగా చూసినా నష్టం. చట్టం దృష్టిలో అది కొన్నవాడికీ జైలు.

తోడేలు ఎన్నడూ మనిషి జోలికి రాదని చెప్పడం లేదు. 2024 వానాకాలంలో ఉత్తర ప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లాలో తోడేళ్ళ దాడులలో పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అటవీ శాఖ వాటిని పట్టడానికి పెద్ద ప్రయత్నమే చేయవలసి వచ్చింది. ఆ తల్లులకు "అది నక్కేమో" అని పాఠం చెప్పే సాహసం ఎవరికీ ఉండదు. కానీ భయం నిజమైనచోట గుర్తింపు మరింత అవసరం. ప్రతి నక్క వెనుకా పరుగెత్తే ఊరు, అసలు ప్రమాదకరమైన ఒక్క జంతువు వచ్చిన దారిని కాళ్ళతో తొక్కి చెరిపేస్తుంది. వార్త అందినప్పుడు విచారించుకోమన్న హుజురాత్ సూరా ఆరవ ఆయతు వాట్సాప్‌కు కూడా వర్తిస్తుంది. మసక చిత్రంలో పక్కన పోల్చడానికి ఏ వస్తువూ లేకపోతే పది కిలోల నక్క పాతిక కిలోల తోడేలుగా కనిపిస్తుంది. అలాంటి చిత్రాన్ని ముందుకు పంపకండి.

ఒక్క సందర్భంలో మాత్రం గుర్తింపు కోసం ఆగకూడదు. కుక్క, నక్క, తోడేలు ఏది కరిచినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పసరు, మంత్రించిన నీరు, కారం అద్దడం దానికి బదులు కావు. పట్టపగలు జంకు లేకుండా ఊరిలోకి వచ్చి ఎదురైనదాన్నల్లా కరిచే నక్కను చూస్తే ముందు అనుమానించవలసినది ఆ వ్యాధినే. ఇలాంటి జంతువు కరిచిన మేకను గురించి కూడా ఒక మాట. క్రూరమృగం గాయపరిచిన పశువు ప్రాణంతో ఉండగా జబహ్ చేస్తే ధర్మసమ్మతమని మాయిదా సూరా మూడవ ఆయతు ఆధారంగా చెబుతారు. అది ధర్మసమ్మతికి సంబంధించిన మాట. కరిచినదానికి పిచ్చి ఉన్నదన్న అనుమానం ఉంటే ఆ మాంసం ముట్టకుండా పశువైద్యుణ్ణి అడగాలి.

తెల్లవారుజామున ఆ దీపం వెలుగులో చేయవలసిన పనులు చిన్నవే. ముందు ఎవరినీ దొడ్డిలోకి రానీయకండి. తడి మట్టి మీద స్పష్టంగా పడిన అడుగు కనిపిస్తే దాని మీద ఒక గిన్నె బోర్లించండి. ఎండకూ జనం కాళ్ళకూ అది చెరగదు. పక్కన అగ్గిపెట్టె పెట్టి నిటారుగా పై నుండి ఫొటో తీయండి. అడుగులు వరుసగా పోయిన దారిని పది గజాలు వెంబడించి, సూటిగా పోయాయో వంకరగా పోయాయో చూడండి. కళేబరాన్ని కదల్చకుండా పశువైద్యునికి, అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. ఆ తరువాత దొడ్డి తలుపు కిందికి వంగి చూడండి. జానెడు సందులో నక్క దూరుతుంది, మట్టి మెత్తగా ఉంటే అరగంటలో తవ్వుకుని వస్తుంది. నడుమెత్తు కంచెను కుక్క ఒక్క గెంతులో దాటుతుంది. తలుపు కింద రాయి పరచి, గోడ మీద మూరెడు ముళ్ళకంప వేస్తే మూడింటికీ సరిపోతుంది.